ఐదో నంబరు జెర్సీ మీది మరక

1987 జనవరి 3, శనివారం

కొత్త డైరీ. బస్సు డిపోలో పంచిపెడితే మా ఆయన డెరెక్ తెచ్చాడు. అట్ట మీద టైర్ల కంపెనీ బొమ్మ ఉంది కానీ లోపల గీతలు దగ్గర దగ్గరగా, పొందికగా ఉన్నాయి. పోయినేడాది దానికన్నా నయం.

మన మైదానంలో ఫుట్‌బాల్ ఆట. 2–2. జనం 311. టీ 164 కప్పులు. సాసేజ్ రోల్స్ చేసినవి 72, మిగిలినవి 5, అందులో ఒకటి కుక్కకు. రెండో సగమంతా వాన. తూర్పు మెట్ల మీద నిలబడి చూసినవాళ్ళు తడిసి ముద్దయి నా టీ గది కిటికీ ముందు వరుస కట్టారు. వెనకనుంచి ఎవరో, "ఇదంతా జల్లెడ డగ్డేల్ చలవే" అన్నారు. పక్కవాడు మోచేత్తో పొడిచి నావైపు సైగ చేసినట్టున్నాడు. నేను వినలేదు. చక్కెర ఎన్ని చెంచాలని అడిగాను.

జనవరి 5, సోమవారం

ఉతుకు. పసుపు జెర్సీలు 12, గోల్‌కీపరు ఆకుపచ్చ జెర్సీ 1, నిక్కర్లు 13, మేజోళ్ళు పన్నెండున్నర జతలు. మిగతా అర జత ఎక్కడుందో మంగళవారం కనుక్కోవాలి.

గాలి బాగుంది. తీగ నిండా పసుపు రంగు ఊగుతుంటే కిటికీలోంచి చూడటం నాకిష్టం. జట్టు బట్టలు అమ్మ ఇరవై ఆరేళ్ళు ఉతికింది. నాకు ఇది ఇరవయ్యో ఏడు.

జనవరి 9, శుక్రవారం

టటర్సాల్ మాస్టారు వచ్చారు. బడిలో నాకు చరిత్ర చెప్పినాయన. రిటైరయ్యాక ఇప్పుడు క్లబ్ చరిత్ర రాస్తున్నారు. మే 2న హెల్మ్‌బీ టౌన్ క్లబ్బుకు నూరేళ్ళు నిండుతాయి, ఆ రోజుకు పుస్తకం చేతికి రావాలి. ఆయన చేతిరాత తాము చదవలేమని అచ్చాఫీసువాళ్ళు చెప్పేశారట.

"నీకు టైపు వచ్చుగా మావిస్. ఎంతా, పన్నెండు అధ్యాయాలే" అన్నారు. నాలుగు బిస్కెట్లు తిన్నారు.

టైపు చేసిన ప్రతి పేజీనీ క్లబ్ అధ్యక్షుడు చూసి సంతకం పెట్టాకే అచ్చుకు పోవాలని కమిటీ నియమమట. అధ్యక్షుడంటే రోలండ్ ఎంప్సన్, మా రోలండ్ బాబాయి. వరసకు బాబాయి కాడు. నాన్నతో కలిసి ఆడినవాడు. మా ఇంటికి ప్రతి క్రిస్మస్‌కూ ఒక కోడి తెచ్చేవాడు. నాన్న మంచం పట్టిన ఏడాది ఒక్క ఆదివారం కూడా మానకుండా వచ్చి పక్కన కూర్చున్నాడు. కోడి ఇప్పటికీ వస్తుంది.

ఒప్పుకున్నాను. ఏప్రిల్ 10 గడువు. వారానికి ఒక అధ్యాయం చొప్పున వేసుకుంటే సరిపోతుంది.

జనవరి 16, శుక్రవారం

మొదటి అధ్యాయం. 14 పేజీలు, తప్పులు 2.

ఇంత బాగుంటుందనుకోలేదు. గుడ్డలు తెల్లబరిచే కార్ఖానా పనివాళ్ళు మొదలుపెట్టారన్నది తెలుసు. తెల్లబరిచిన గుడ్డను ఎండకు పరిచే చోటే మన మైదానమన్నదీ తెలుసు. గోలు కర్రలు లేక బట్టలారేసే గుంజలే తెచ్చి పాతారన్నది మాత్రం తెలియదు. క్లబ్ తొలి మినిట్స్ పుస్తకంలో తొలి ఫిర్యాదు ఒకావిడది. బంతి వచ్చి ఆవిడ ఆరేసిన దుప్పటి మీద పడింది, మళ్ళీ ఉతకాల్సి వచ్చింది. పేరు రాయలేదు. బంతి తన్నినవాడి పేరు రాశారు.

డెరెక్‌కు చదివి వినిపించాను. "నూరేళ్ళనుంచీ మీ ఆడాళ్ళ గొడవ ఇదేనన్నమాట" అన్నాడు. బంగాళాదుంపల గిన్నె, కత్తి అతని ముందు పెట్టాను.

జనవరి 31, శనివారం

నారింజ మార్మలేడ్ 31 సీసాలు. పాకం బాగా కుదిరింది. మూడో అధ్యాయం అయింది. 1922లో జనం కూర్చునే చెక్క స్టాండు కాలిపోవడం. పొగాకు పైపు ఆరిపోయిందని పక్కవాడికి చూపించబోయిన కమిటీ సభ్యుడి వల్లనట. ఎవరికీ ఏమీ కాలేదు. పైపు కూడా దొరికిందట.

ఫిబ్రవరి 13, శుక్రవారం

కమిటీ నిర్ణయం. తూర్పు మెట్లకు చివరికి రేకులు వేస్తున్నారు. మే 2న ప్రారంభం. దానికి 'రోలండ్ ఎంప్సన్ స్టాండు' అని పేరు. ఓటు ఏకగ్రీవం, బాబాయి ఒక్కడే వద్దన్నాడట. అది ఆయన మర్యాద.

సంతోషమే. ఇంక వానలో తడవరు. ఇంక ఎవరూ ఏమీ అనక్కర్లేదు.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఏడో అధ్యాయం ఇచ్చారు. 1949.

ఫిబ్రవరి 25, బుధవారం

ఇంట్లో పని ఎక్కువగా ఉంది. టైపు మిషన్ మీద గుడ్డ తీయలేదు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఏడో అధ్యాయం టైపు చేశాను. మాస్టారు దయగానే రాశారు. ఇక్కడ ఎక్కించుకుంటాను:

"1949 జనవరి 8. కప్ పోటీ మూడో రౌండులో మొదటి డివిజన్ జట్టు కార్‌బరో మన మైదానానికి వచ్చింది. జనం 7,204. చివరి పావుగంట కాలువ మీదినుంచి పొగమంచు కమ్మింది. మన ఐదో నంబరు ఆటగాడు, పందొమ్మిదేళ్ళ ఎంప్సన్, తలకు దెబ్బ తగిలి కట్టుతో వింగ్ మీద నిలబడి ఆట ముగించాడు. ఆ రోజుల్లో బదులు ఆటగాళ్ళు ఉండేవారు కారు. దెబ్బ తిన్నవాణ్ణి పదకొండుమంది లెక్క తప్పకుండా గీత పక్కన నిలబెట్టేవారు. ఎనభై ఎనిమిదో నిమిషం దాకా 1–1. అప్పుడు ముప్పై గజాల దూరంనుంచి వచ్చిన నీరసపు బంతి గోల్‌కీపర్ వాల్టర్ డగ్డేల్ చేతుల్లోంచి జారి గీత దాటింది. సమంగా ముగిసివుంటే కార్‌బరోలో మళ్ళీ ఆడేవాళ్ళం, ఆ రాబడితో తూర్పు మెట్లకు రేకులు పడేవి. ఎంప్సన్ ఆ బుధవారమే పెద్ద క్లబ్బులో ట్రయల్ ఆడి ఎంపికయ్యాడు."

ఇందులో కొత్తేముంది. నాన్న చేతుల్లోంచి బంతి జారిన సంగతి ఊరంతటికీ తెలిసిందే. టైపు చేసేవాళ్ళకు అభిప్రాయాలు ఉండవు. తప్పులు 19. రేపు మళ్ళీ కొట్టాలి.

ఫిబ్రవరి 28, శనివారం

మళ్ళీ కొట్టాను. తప్పులు 11.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. చేతుల్లో బంతి నిలవనివాడని ఆ రోజునుంచి నాన్నకు ఊరు పెట్టిన పేరు జల్లెడ. బడిలో నన్ను మావిస్ అని పిలిచినవాళ్ళు తక్కువ. "జల్లెడోళ్ళ పిల్లా" అనేవారు. అమ్మ పిండి జల్లెడను అల్మారా వెనక, పాత దుప్పట్ల కింద పెట్టేది. నాన్న కార్ఖానాకు పోయాకే తీసి పిండి జల్లించి, కడిగి, తుడిచి, మళ్ళీ దుప్పట్ల కింద దాచేది. మా పెళ్ళి విందులో డెరెక్ స్నేహితుడొకడు రిబ్బను కట్టిన జల్లెడ బహుమతిగా ఇచ్చాడు. నాన్న అందరికన్నా గట్టిగా నవ్వాడు. అది ఇప్పటికీ వాడుతున్నాను, మంచి జల్లెడ. అల్మారా వెనక ఉంటుంది. అక్కడ పెట్టడం చోటు కోసం, ఇంకే కారణమూ లేదు.

మార్చి 9, సోమవారం

ఉతుకు అయ్యాక అమ్మ పెట్టె దించాను. పుస్తకంలో వేయడానికి పాత ఫొటో ఏదైనా ఉందేమో చూడమన్నారు మాస్టారు. ఫొటో లేదు. అమ్మ ఉతుకు పద్దుల పుస్తకాలు ఉన్నాయి, పదకొండు. ఏ సోమవారం ఎన్ని, ఏ మరక, దేనితో పోయింది. నా అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో డెరెక్ అడుగుతుంటాడు. చూపించాను.

1949 తీశాను. ఎలా ఉందో అలాగే:

"జనవరి 10. పసుపు జెర్సీలు 10. ఆకుపచ్చది 1: బురద, మెడ దగ్గర రక్తపు చుక్కలు రెండు. 5 నంబరు: ఎడమ భుజంనుంచి రొమ్ము దాకా రక్తం. చన్నీళ్ళు, ఉప్పు, మూడుసార్లు. పోయింది. ఇంటివి: వాల్టర్ దిండు గలీబు, రక్తం. వాల్టర్ వద్దన్నాడు. సరే అన్నాను."

పదకొండు పుస్తకాల్లో బట్టల గురించి కాని మాటలు ఆ చివరి రెండే.

మార్చి 10, మంగళవారం

నాన్న ఎడమ కనుబొమ్మను రెండుగా చీలుస్తూ తెల్లటి గీత ఉండేది. కుట్లు నాకు గుర్తున్నాయి, ఏడు. బొగ్గుల కొట్టు తలుపు తగిలిందని చెప్పారు. ఎప్పుడు తగిలిందో నేనెప్పుడూ అడగలేదు.

నాన్నకు నుదురు చిట్లితే ఆకుపచ్చ జెర్సీ మీద రెండే చుక్కలేమిటి?

మార్చి 11, బుధవారం

రోలండ్ బాబాయి కొట్టుకు వెళ్ళాను. మేకులు, మరలు, రంగులు అమ్ముతాడు. ఒక డజను మరలు కొన్నాను. ఆయన టోపీ పెట్టుకుని ఉన్నాడు.

మార్చి 12, గురువారం

మరలు ఇంకో డజను. టోపీ తీశాడు కానీ వెలుతురు లేదు.

మార్చి 13, శుక్రవారం

మరలు. ఈసారి కిటికీ దగ్గర నిలబడి మాట్లాడాను. ఎడమ కనుబొమ్మ నున్నగా ఉంది. కుడిదీ చూశాను. నుదుటిమీద ఎక్కడా గీత లేదు. "ఏంటమ్మాయ్, ఇల్లు కడుతున్నావా?" అని అడిగాడు. డెరెక్ అల్మారా చేస్తున్నాడని చెప్పాను.

తల పగిలి కట్టుతో నిలబడ్డవాడు నాలుగో రోజున ట్రయల్ ఎలా ఆడతాడు? ఐదో నంబరు వేసుకుని నెత్తురోడుతూ వింగ్ మీద నిలబడింది బాబాయి కాదు. మరి ఆకుపచ్చ జెర్సీ ఎవరి ఒంటి మీద ఉన్నట్టు?

ఆ గోలు కాలువ వైపుది. అటు మెట్లు లేవు, గోడ, కాలువ, అంతే. పొగమంచు మొదట దిగేదీ అక్కడే. ఏడు వేలమంది చూసింది ఆకుపచ్చ రంగునే.

మార్చి 15, ఆదివారం

డెరెక్‌కు చెప్పాను. నా మాటలకన్నా ముందు అమ్మ పద్దు చదవమన్నాను. రెండుసార్లు చదివి కళ్ళద్దాలు తీసి పెట్టాడు.

"నా పెళ్ళిలో నాకు జల్లెడ ఇచ్చారు" అన్నాడు. "నేనూ నవ్వాను. మీ నాన్నకేసి చూసి మరీ నవ్వాను."

తర్వాత లేచి పెరట్లోకి వెళ్ళి, ఎప్పటినుంచో చేస్తానన్న గేటు బాగుచేశాడు. మరలు ఇంట్లో ఉన్నాయిగా.

మార్చి 18, బుధవారం

వాల్టర్ వద్దన్నాడు. సరే అన్నాను.

ఇది ఇక్కడితో వదిలేస్తాను. బయటపెట్టొద్దని అమ్మా నాన్నా తేల్చుకున్న సంగతి. నాకేం సంబంధం.

మార్చి 19, గురువారం

నాకేం సంబంధమని నిన్న రాశాను. బడికి పోయింది ఎవరు?

మార్చి 21, శనివారం

1–0, మనదే. జనం 342. టీ 171. వాన లేదు, ఎండ పొడ. రేకుల పని మొదలైంది, ఇనుప స్తంభాలు నిలబెట్టారు. రోలండ్ బాబాయి టీ గదికి వచ్చి, పోయిన అక్టోబరులో వాళ్ళావిడ పోయాక ఇంట్లో టీ చేసుకోవడం మానేశానని, శనివారం ఇక్కడి టీ కోసమే ఎదురుచూస్తుంటానని చెప్పాడు. రెండు కప్పులు తాగాడు. ఆయన ముఖం చూస్తే కోపం రావాలి కదా అని చూశాను. రాలేదు. రెండో కప్పులో చక్కెర మాత్రం వేయలేదు. ఆయనకు కావాలని తెలుసు.

మార్చి 27, శుక్రవారం

పన్నెండు అధ్యాయాలూ పూర్తి. 163 పేజీలు.

ఏడో అధ్యాయంలో ఆ పేజీ మూడోసారి కొట్టాను. "ఎనభై ఎనిమిదో నిమిషం దాకా 1–1" అన్నంతవరకూ కొట్టి నాలుగు లైన్లు ఖాళీ వదిలాను. కింద మళ్ళీ మామూలే. ఆ పేజీకి అమ్మ పద్దు నకలు క్లిప్పుతో పెట్టాను. నా మాట ఒక్కటీ రాయలేదు. మొత్తం కట్ట తీసుకెళ్ళి క్లబ్బు ఆఫీసులో అధ్యక్షుడి అరలో పెట్టాను. ముందు టటర్సాల్ మాస్టారికి చెప్పాను, ఆయన పుస్తకం కాబట్టి. ఆయన పద్దు చదివారు. "నేను పత్రిక చూసి రాశాను మావిస్. పత్రికవాడు జెర్సీ చూసి రాశాడు" అన్నారు. బిస్కెట్టు ముట్టలేదు.

ఆ లైన్లు ఖాళీగా తిరిగి వస్తే పాత వాక్యమే కొట్టి ఇచ్చేస్తాను. అలా అనుకున్నాను. అది న్యాయమే.

మార్చి 30, సోమవారం

ఉతుకు. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

ఏప్రిల్ 1, బుధవారం

ఏమీ రాలేదు.

ఏప్రిల్ 4, శనివారం

0–0. టీ 158. రోలండ్ బాబాయి ఆటకు రాలేదు. తనకు తెలిసి ఇదే మొదటిసారని టికెట్ల గేటు దగ్గర ఉండే ఆయన చెప్పాడు. గడువుకు ఇంకా ఆరు రోజులు ఉన్నాయి.

నేను తప్పు చేశానేమో. ఒంటరివాడు. టీ కోసం వచ్చేవాడు.

ఏప్రిల్ 6, సోమవారం

ఏమీ రాలేదు. ఉతుకు 13.

ఏప్రిల్ 8, బుధవారం

మధ్యాహ్నం ఇస్త్రీ చేస్తుంటే తలుపు తట్టారు. రోలండ్ బాబాయి. ఒక చేతిలో కోడి, ఇంకో చేతిలో కాగితాల కట్ట. కోడి బల్ల మీద పెట్టాడు. క్రిస్మస్ కాదు కదా బాబాయ్ అన్నాను. కూర్చోలేదు.

"అమ్మాయ్, నువ్వు వదిలిన నాలుగు లైన్లు చాల్లేదు" అన్నాడు. "నాకు రెండు పేజీలు పట్టింది."

అప్పుడు కూర్చున్నాడు. చెప్పాడు. ఆయన చెప్పినదంతా ఆ రెండు పేజీల్లో ఉంది కాబట్టి ఇక్కడ రాయను. ముఖ్యమైనది మాత్రం.

నాన్న కనుబొమ్మ చిట్లింది బాబాయి బూటు తగిలే. కాలువ వైపు గోలు ముందు, పొగమంచులో బంతి తన్నబోయి మనిషిని తన్నాడు. నాన్నకు ఒక కన్నంతా నెత్తురు. గోలులో నేను నిలబడతానని బాబాయే ముందుకొచ్చాడట. నాన్న ఆకుపచ్చ జెర్సీ విప్పి ఇచ్చి, ఐదో నంబరు తొడుక్కుని, కట్టు కట్టించుకుని వింగ్ మీదికి వెళ్ళాడు. మార్చుకున్నట్టు రెఫరీకి చెప్పారు. జనానికి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

"ఆ బంతి ఎంత మెల్లగా వచ్చిందనుకున్నావ్? పడుకుని లేచేంత టైముంది. ఎలా పట్టాలా అని ఆలోచించాను. అదే కొంప ముంచింది."

ఆట అయ్యాక స్నానాల గదిలో ఏడుస్తూ కూర్చుంటే నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడట. ఒక కన్ను మూసుకుపోయి ఉంది. మిగతా తొమ్మిదిమందీ వింటుండగా అన్నాడట. ఆ మాటలు బాబాయి నాన్న గొంతులోనే చెప్పాడు:

"ఒరేయ్, బుధవారం నువ్వు ట్రయల్‌కి పోవాలి. ఊరంతా నీ వెనక నవ్వుతుంటే నీ కాళ్ళు ఆడవు. నేను సోమవారం కార్ఖానాకే పోతాను. నా కాళ్ళతో అక్కడ ఎవడికీ పని లేదు. ఎవడూ నోరు మెదపొద్దు."

ఎవరూ మెదపలేదు. ఇప్పుడు బతికున్నది ఇద్దరే, రెండోవాడు కెనడాలో ఉన్నాడు.

బాబాయి రెండేళ్ళు పెద్ద క్లబ్బులో ఆడాడు. మోకాలు పోయి తిరిగొచ్చాడు. వచ్చిన రోజే చెప్పేస్తానన్నాడట, నాన్న ఒప్పుకోలేదు. అలవాటైపోయిందిలేరా అన్నాడట. ఆఖరి ఏడాది ఆదివారాల్లో కూడా రెండుసార్లు అడిగాడట.

నేను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాను. అనకూడదనుకున్నది అనేశాను.

"నాన్న కార్ఖానాకు పోయాడు సరే. బడికి పోయింది నేను కదా బాబాయ్."

ఆయన బల్లమీది కోడిని పక్కకు జరిపాడు.

"ఆ సంగతి మా ఇద్దరికీ తట్టలేదమ్మా" అన్నాడు. "ఒక్కసారి కూడా తట్టలేదు. నీ కాగితం వచ్చాక పదకొండు రోజులుగా అదొక్కటే ఆలోచిస్తున్నాను."

సాకులు చెప్పలేదు. అందుకే అప్పుడు చక్కెర రెండు చెంచాలు వేసి టీ ఇచ్చాను.

నాన్న వద్దన్నాడు కదా, అమ్మ కూడా రాసిపెట్టింది కదా అని అడిగాను. అది కూడా తేలాలి.

"వద్దన్నది నాకోసం. పందొమ్మిదేళ్ళవాడి కోసం. ఇప్పుడు నాకు యాభై ఏడు. నా కాళ్ళతో కూడా ఇంక ఎవడికీ పని లేదు."

సంతకం పెట్టి కట్ట నా చేతిలో పెట్టాడు. అన్ని పేజీల మీదా చిన్న సంతకం, ఆ రెండింటి మీద పూర్తి పేరు.

ఏప్రిల్ 9, గురువారం

ఆ రెండు పేజీలు కొట్టాను. తప్పులు 0.

ఏప్రిల్ 10, శుక్రవారం

అచ్చుకు వెళ్ళింది. కోడి సూపు.

ఏప్రిల్ 17, శుక్రవారం

కమిటీ. స్టాండుకు తన పేరు తీసేసి డగ్డేల్ పేరు పెట్టమని బాబాయి అడిగాడట. బోర్డు రాసేశారు, పిలుపులు పోస్టులో వెళ్ళిపోయాయి, కుదరదన్నారు. టటర్సాల్ మాస్టారు వచ్చి భయపడుతూ చెప్పారు, నేను నొచ్చుకుంటానని. నొచ్చుకోలేదు, ఈసారి నిజంగానే. నాన్న ఆ బోర్డు కింద నిలబడేవాడు కూడా కాదు. ఆయనకు కాలువ వైపు గోడ మీద కూర్చోవడమే ఇష్టం.

మే 2, శనివారం

నూరేళ్ళ ఆట. జనం 1,126. టీ 507 కప్పులు, మూడుసార్లు నీళ్ళు పెట్టాను. సాసేజ్ రోల్స్ 240, ఏమీ మిగల్లేదు, కుక్కకు కూడా. 3–1, మనదే.

పుస్తకాలు గేటు దగ్గరే ఇచ్చారు. ఆట మొదలయ్యేసరికి అందరి చేతుల్లోనూ ఉన్నాయి కానీ అందరూ బొమ్మలే చూస్తున్నారు. మొదటి సగం మధ్యలో వాన మొదలైంది. కొత్త రేకుల కింద అందరూ ఇరుక్కుని నిలబడ్డారు. నూరేళ్ళలో తూర్పు మెట్ల మీద పొడి బట్టలతో వాన చూడటం ఇదే మొదలు. ఆటలో పస లేదేమో, పొడి చోటు దొరికిందేమో, ఒక్కొక్కరే పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టారు. అందరూ ముందు తిప్పింది 1949 ఉన్న ఏడో అధ్యాయానికే.

నేను టీ గది కిటికీలోంచి చూస్తున్నాను. తూర్పు మెట్లమీద ఒక చివరనుంచి ఇంకో చివరదాకా పేజీలు తిరిగాయి. పక్కవాడి పుస్తకంలో పేజీ చూపించుకోవడం, తలలు దగ్గర పెట్టుకోవడం. తర్వాత ఒక తల నా కిటికీ వైపు తిరిగింది. ఇంకొకటి. నేను కప్పులు లెక్కపెట్టాను.

రేకులు కాలువ వైపు చివరదాకా రాలేదు, పది గజాలు మిగిలిపోయాయి. రోలండ్ బాబాయి సరిగ్గా అక్కడ, ఆరుబయట, టోపీ లేకుండా నిలబడి ఉన్నాడు. అధ్యక్షుడి కుర్చీ ఖాళీగా ఉంది. మేయరు మనిషిని పంపి పిలిపించినా రాలేదు.

విరామంలో తూర్పు మెట్లమీంచి ఓ ముసలాయన గట్టిగా అరిచాడు.

"ఓయ్ ఎంప్సన్! జల్లెడా! నీ స్టాండే కదయ్యా, లోపలికి రా, నానిపోతావ్!"

మెట్లు మొత్తం నవ్వాయి. ముప్పై ఎనిమిదేళ్ళుగా నేను విన్న నవ్వే అది, గుర్తుపట్టాను. అందులో అంత చెడ్డదేమీ లేదని ఇవాళే తెలిసింది. బాబాయి చెయ్యెత్తి ఊపాడు.

టీ గది డెరెక్‌కు అప్పజెప్పి రెండు కప్పులు పట్టుకుని అటు నడిచాను. వరుసలో నిలబడ్డవాళ్ళు తప్పుకుని దారి ఇచ్చారు. జనవరిలో ఆ మాటన్నాయన అనుకుంటాను, టోపీ తీసి, "మీ నాన్న... " అని ఆగిపోయాడు. పర్వాలేదు, చక్కెర డెరెక్‌ని అడగండి అన్నాను.

బాబాయి జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. ఎంతసేపు నిలబడతావని అడిగాను.

"ఆట అయ్యేదాకా. వీళ్ళు నావల్ల తడిసినంత తడవాలంటే ఇంకో ముప్పై ఎనిమిదేళ్ళు పడుతుందిలే" అన్నాడు. టీ తాగి కప్పులోకి చూసుకున్నాడు. "విన్నావా, ఏమని పిలిచాడో?"

విన్నానన్నాను.

"హాయిగా ఉందమ్మాయ్."

రెండో సగం మొదలైంది. మాలో ఎవరమూ రేకుల కిందికి వెళ్ళలేదు. టీలో వాన నీళ్ళు పడుతూనే ఉన్నాయి. మూడో గోలు కాలువ వైపే పడింది, మాకు బాగా కనిపించింది.

మే 4, సోమవారం

ఉతుకు. పసుపు 12, ఆకుపచ్చ 1, నిక్కర్లు 13, మేజోళ్ళు 13 జతలు. బురద తప్ప మరకలు లేవు. నా కోటు, డెరెక్ కోటు కూడా ఆరేశాను. రోలండ్ బాబాయికి పడిశం పట్టింది. సూపు పంపాను, పోయినసారి ఆయన తెచ్చిన కోడి బాకీ.

ఇంట్లో మరలు ముప్పై ఒకటి మిగిలాయి. ఇప్పుడు ముప్పై. ఒకటి పొయ్యి పక్క గోడకు బిగించి, అల్మారా వెనకనుంచి జల్లెడ తీసి దానికి తగిలించాను. తలుపు తీయగానే కనిపిస్తుంది. చేతికి అందుతుంది కూడా.